చూస్తూ ఊరకున్నవాళ్లు

తాము ఇంకా గడప కూడా తొక్కని ఇంటిని తామే కాలిపోనివ్వబోతున్నామని ఆ ఇంటి గోడ ముందే తేల్చేసిన సంగతి హైమకి మంగళవారం పొద్దున పదింటికి తెలిసింది.

నిజానికి అది ఆమెకి తెలియకూడని సంగతి. ఇళ్ల ఏజెంటు మార్లూస్ ఫోనొస్తే పక్కగదిలోకి వెళ్తూ కంప్యూటర్ తెర ఆర్పడం మరిచిపోయింది. బల్లకి ఇవతల కూర్చున్న హైమ మెడ కొంచెం సాచింది. రెండేళ్లుగా సాయంత్రం క్లాసులకి తిరిగి నేర్చుకున్న డచ్చి భాష ఇంత దిక్కుమాలిన పనికి అక్కరకొస్తుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

తెర మీద ఉన్నవి నాలుగే ముక్కలు.

"అద్దెకి అడుగుతున్నవారు: గిరిధర్, హైమ, ఆరేళ్ల పాప. ఇంటి అంకె: వందకి ఇరవై ఆరు. అగ్నిప్రమాదానికి అవకాశం: అత్యధికం. కారణం: ప్రమాదాన్ని చూస్తూ ఊరకుండే స్వభావం."

రెండుసార్లు చదివింది. మూడోసారి చదివేలోపు మార్లూస్ తిరిగొచ్చి, గబుక్కున తెర అటు తిప్పేసింది.

"మీరది చూడకూడదు. అంకె చెప్పొచ్చు గానీ కారణం చెప్పకూడదని చట్టం."

"నేను ఎవరి కొంప తగలబెట్టాను?"

"తగలబెట్టారని కాదండీ. తగలబడుతుంటే చూస్తూ నిలబడతారని."

"ఎవరు చెప్పారు?"

మార్లూస్ గోడ వైపు చూసింది. తెల్లగా, నున్నగా, ఏ పాపమూ ఎరగనట్టున్న గోడ.

ఆ తెలుపు మామూలు సున్నం తెలుపు కాదు. ఐండ్‌హోవెన్ ఊళ్లో కొన్నేళ్లుగా కొత్తగా కట్టిన ప్రతి ఇంటికీ, బాగుచేసిన ప్రతి ఇంటికీ అదే పూత. కంటికానని గింజలు అందులో కోట్లకొద్దీ ఉంటాయి. వేడి తగిలితే వాటికి తెలుస్తుంది. తడి తగిలితే తెలుస్తుంది. ఏదన్నా మాడితే తెలుస్తుంది. మనిషి గదిలో ఏ మూల నిలబడ్డాడో ఒంటి వెచ్చదనాన్ని బట్టి తెలుస్తుంది. ముఖం చూడదు, మాట వినదు. అందుకే ప్రభుత్వం ఒప్పుకుంది. గ్యాసు లీకయినా, ముసలివాళ్లు స్నానాలగదిలో జారిపడినా అదే కబురు పెట్టి ప్రాణాలు కాపాడింది. ఇళ్ల యజమానులు మాత్రం దానికి ఇంకో ఉపయోగం కనిపెట్టారు. ఇంట్లో ఉన్నవాళ్ల నడవడికని గోడ తూచి ఒక అంకె ఇస్తుంది. ఆ అంకె మనిషి పేరుకి అంటుకుంటుంది. ఇల్లు మారినా వదలదు.

ఆ ఊరి తెలుగువాళ్లు దానికి ముక్కుపూత అని పేరు పెట్టుకున్నారు. మన వంటల వాసన పసిగట్టి మనల్ని పట్టిస్తోందని అందరి నమ్మకం.

ఆ పూతని తయారుచేసిన ప్రయోగశాలలోనే హైమ భర్త గిరిధర్ ఉద్యోగం. చేరిన కొత్తలో అతని పని పేర్లు పెట్టడం. గోడలు పంపే ఎర్రమచ్చల బొమ్మలు చూసి ఇది నిద్ర, ఇది వంట, ఇది జారిపడటం అని యంత్రానికి నేర్పడం. ఇప్పుడు పెద్ద హోదా. ఆ హోదా చూసి కూడా ఎవరూ ఇల్లు ఇవ్వడం లేదు.

ఇది ఇరవై మూడో ఇల్లు.

ఇరవై మూడు ఇళ్లకీ ఉత్తరాలు రాసింది హైమ. మేం నెమ్మదైనవాళ్లం, మాకు పూలమొక్కలంటే ఇష్టం, చెప్పుల చప్పుడు కూడా చెయ్యం అని. ప్రతి ఉత్తరానికీ ముగ్గురూ నవ్వుతున్న ఫొటో జతచేసింది. వానలో నలభై మంది వెనక వరసలో నిలబడి, లోపలికెళ్లి, పరాయివాళ్ల పడగ్గదిని మెచ్చుకుని వచ్చింది. తర్వాత రెండు రోజులకి ఫోనుకి ఒకటే వాక్యం. "క్షమించండి, వేరేవారిని ఎంచుకున్నాం."

ఉన్న ఇంటిని యజమాని అమ్మేశాడు. ముప్ఫయ్యో తారీఖుకి ఖాళీ చెయ్యాలి. ఇవాళ పదకొండు. ఆ దేశంలో చిరునామా లేని మనిషి లెక్కలో లేని మనిషి. ఊళ్లో చిరునామా లేకపోతే కూతురు ముక్తకి బడి లేదు.

ముక్త పుట్టు చెవిటిది. రెండేళ్ల క్రితం చెవి వెనక యంత్రం అమర్చారు. అలాంటి పిల్లలకి మాట నేర్పే బడి వీధి చివరే ఉంది. అక్కడ చేరిన ఆర్నెల్లకి ముక్త మొదటి మాట అంది. "అమ్మ" కాదు, "నాన్న" కాదు. "చిట." పోపులో ఆవాలు పేలే చప్పుడు అది. ఆ పిల్లకి నచ్చిన మొదటి చప్పుడు. ఇప్పుడు ముప్ఫై మాటల దాకా వచ్చాయి. ఇక్కడ ఆపేస్తే ఉన్నవి కూడా పోతాయని టీచరమ్మ మొహమాటం లేకుండా చెప్పింది.

*

"పోయిందా?" అన్నాడు గిరిధర్ ఆ సాయంత్రం బూట్లు విప్పుతూ.

"పోయింది. ఈసారి ఎందుకు పోయిందో కూడా తెలిసింది."

హైమ చదివింది చదివినట్టు చెప్పింది. గిరిధర్ రెండో బూటు లేసు దగ్గర చెయ్యి ఆపాడు. ఒక్క క్షణమే. తర్వాత మళ్లీ విప్పసాగాడు.

"యంత్రం భాష అలాగే ఏడుస్తుంది. వాసన గురించే అయ్యుంటుంది."

"వాసనేంటండీ, చూస్తూ ఊరకుండేది? నేను స్టవ్ మీద గిన్నె పెట్టి ఏనాడన్నా పక్కకి వెళ్లానా?"

"హైమా, నేను అందులోనే పనిచేస్తున్నాను. నీకు తెలుసా, నాకు తెలుసా?"

ఆ మాట దగ్గర ఎప్పుడూ వాదన ఆగిపోతుంది. ఎనిమిది వారాల క్రితం పోపు మానేద్దామని అతను అన్నప్పుడూ ఇలాగే ఆగిపోయింది. అప్పటి నుంచి ఇంట్లో పప్పు ఉంది, పోపు లేదు. ఇంగువ డబ్బా బాల్కనీలో మూడు సంచుల మధ్య దాక్కుంది. చారు పెడితే వేడినీళ్లలో చింతపండు పిసికినట్టుంటోంది.

ముక్త కంచం ముందు కూర్చుని ముద్ద పక్కకి నెట్టింది. పొయ్యి వైపు వేలు చూపించింది.

"చిట?"

"లేదమ్మా. కొత్త ఇంట్లో."

"చిట," అంది ముక్త మళ్లీ, ఈసారి అడుగుతున్నట్టు కాకుండా ఓడిపోయినట్టు. చెవి వెనక యంత్రం తీసేసి బల్ల మీద పెట్టేసింది. ఇంట్లో వినడానికేమీ లేనప్పుడు అదెందుకన్నట్టు.

గిరిధర్ లేచి వెళ్లి చేతులు కడుక్కున్నాడు. అతను సగం కూడా తినలేదు.

*

శనివారం మధ్యాహ్నం హైమ సైకిలేసుకుని ఊరవతలి గుడారాల మైదానానికి వెళ్లింది. ఎండాకాలం షికార్లకి వచ్చేవాళ్ల కోసం పెట్టిన చక్రాల బళ్లు అక్కడ వరసగా ఉంటాయి. ఇది నవంబరు. ఒక్క బండిలోంచే పొగ వస్తోంది.

"వొంగొని రా సెల్లెమ్మా, తలుపు పొట్టిది," అని లోపల్నుంచి కేకేశాడు నూకరాజు. "మొన్న మా ఫోర్‌మన్ను టీకని పిలిస్తే తల కొట్టుకుని రెండ్రోజులు సెలవెట్టేసినాడు."

నూకరాజుది అనకాపల్లి. చిప్పుల ఫ్యాక్టరీలో గొట్టాలు బిగించే పని. నాలుగు నెలలుగా అతనూ, భార్య పైడితల్లీ ఈ బండిలోనే కాపురం. ముక్కుపూత మూలంగా రోడ్డున పడ్డ తెలుగు కుటుంబాల్లో మొదటివాళ్లు వీళ్లే. పైడితల్లి రెండు స్వెట్టర్ల మీద దుప్పటి కప్పుకుని చిన్న గ్యాసు పొయ్యి మీద టీ కాస్తోంది.

"మీరు కూడా పోపు మానేసి చూశారా వదినా?" అని అడిగింది హైమ.

పైడితల్లి నవ్వింది. "పోపెక్కడిదమ్మా మాకు! ఈయన రేతిరి షిఫ్టు. తిండి కేంటీన్లోనే. నాను హోటల్లో గదులు సర్దే పని, అక్కడే తినెత్తాను. ఆ ఇళ్లల్లో పొయ్యి ఎలిగించిందే తక్కువ."

"మరి అంకె ఎందుకు పడిపోయింది?"

"అదే కదేటి సిత్రం!" నూకరాజు ముందుకి వంగాడు. "ఒండుకున్నాక పడితే వాసనా అనుకోవచ్చు. దిగిన రోజే పడింది. సామాను ఇప్పనేదు, మంచమెయ్యనేదు. మర్నాడు సూస్తే డెబ్బై కాస్తా యాభై. మరో ఇంట్లోకెళ్లినాం. దిగిన రోజే ముప్ఫై. మూడో ఇంట్లో, ఎవుడి దిష్టో తగిలిందనేసి, ఇది పద్ధతులన్నీ రెట్టింపు సేసింది. గుమ్మడికాయ కూడా కొట్టింది."

"ఎంతకొచ్చింది?"

"పద్దెనిమిది. పొగరు ఎక్కువైతేనే కాదు, భక్తి ఎక్కువైనా అంకె పడిపోద్దని అప్పుడే తెలిసింది నాకు."

"నీ ఎటకారం తగలెయ్య," అంది పైడితల్లి. గ్లాసు అందించి దుప్పటి దగ్గరకి లాక్కుంది. "మేం ఏటి సేసినామమ్మా ఆ గోడకి?"

హైమ టీ సగంలో ఆపేసింది. దిగిన రోజే.

ఇంటికొస్తూనే ఫోను తీసింది. అంకె ఎందుకు తగ్గిందో చెప్పరు గానీ, ఏ రోజు తగ్గిందో అడిగితే చెప్పి తీరాలి. నాలుగు పేజీల ఫారం నింపింది. అవతలి యంత్రం దాన్ని రెండుసార్లు తిప్పికొట్టింది. మూడోసారి పేరులో ఇంటిపేరు ముందా వెనకా అని అడిగింది. చివరికి ఆదివారం సాయంత్రానికి జవాబొచ్చింది.

అంకె రెండేసార్లు తగ్గింది. మొదటిసారి, ఈ దేశం వచ్చి కంపెనీ ఇచ్చిన ఇంట్లో దిగిన రోజు. రెండోసారి, ఇప్పుడున్న ఇంట్లో దిగిన రోజు. ఆ తర్వాత పధ్నాలుగు నెలలు కదల్లేదు. ఇంగువ పోపులు ఘుమఘుమలాడిన రోజుల్లోనూ ఇరవై ఆరే. ఎనిమిది వారాల చప్పిడి కూటి తర్వాత కూడా ఇరవై ఆరే.

"దిగిన రోజు మనం ఏం చేశామండీ?"

"ఏం చేస్తాం? పెట్టెలు విప్పుకున్నాం." గిరిధర్ పేపర్లోంచి తల ఎత్తలేదు. పేపరు తలకిందులుగా లేదు గానీ, అతను పావుగంట నుంచి ఒకే పేజీ చూస్తున్నాడు.

హైమ అతని పైఅధికారి వౌటర్‌కి నేరుగా ఒక ఉత్తరం రాసింది. రేపు వచ్చి మీ ప్రయోగాల ఇంట్లో వంట చేస్తాను, గోడకి ఏది గిట్టదో నాకే తెలియాలి అని.

"నా పరువు తీస్తావా?" అన్నాడు గిరిధర్ ఆ సంగతి తెలిసి. అతని గొంతులో కోపం ఉండాల్సిన చోట ఇంకేదో ఉంది.

"ముందు ఇల్లుంటే కదండీ, పరువు పెట్టుకోవడానికి చోటుండేది."

*

ప్రయోగశాలలో ఒక పెద్ద రేకుల షెడ్డు. షెడ్డు మధ్యలో ఒక ఇల్లు. వంటగది, హాలు, పడగ్గది అన్నీ ఉన్నాయి, పైకప్పు తప్ప. పైనుంచి దీపాలు వేలాడుతున్నాయి. వంటగది గోడ మీద ఎర్ర అంకెలు వెలుగుతున్నాయి. 74.

"ఇది ఎవరూ ఉండని ఇల్లు. ఈ అంకె ఎవరిదీ కాదు," అన్నాడు వౌటర్. ఆరడుగుల పైన మనిషి, ఎర్రటి బుగ్గలు. ప్రతి మాటా తూచి అంటాడు. "మీరు ఏం చేస్తే ఎంత మారుతుందో అక్కడే కనిపిస్తుంది. నా సగం ఉద్యోగం ఇలాంటి ఫిర్యాదులు చదవడమే. వచ్చి చూస్తానన్నవాళ్లు మాత్రం మీరొక్కరే."

హైమ సంచీ విప్పింది. గిరిధర్ తలుపు దగ్గరే నిలబడిపోయాడు.

నూనె కాగింది. ఆవాలు చిటపటలాడాయి. 74.

ఇంగువ పడింది. వౌటర్ ముక్కు ఎగబీల్చి ఆశ్చర్యపోయాడు. 74.

గుప్పెడు ఎండుమిరపకాయలు మాడ్చింది, కావాలనే. వౌటర్ దగ్గి దగ్గి కళ్లు తుడుచుకున్నాడు. 74.

ఎండురొయ్యలు వేయించింది. వౌటర్ మర్యాదగా నాలుగడుగులు వెనక్కి వేశాడు. 74.

అగరొత్తులు ఆరు ఒకేసారి వెలిగించింది. పొగకి తనకే ఊపిరాడక కిటికీ తెరిచింది. 75.

"అదేంటి, పెరిగింది?"

"కిటికీ తీశారు కదా. జాగ్రత్త గల మనిషని," అన్నాడు వౌటర్ దగ్గుల మధ్య. "వాసనని మేం లెక్కే వెయ్యమండీ. మొదటి నెలలోనే తీసేశాం. ఆ నిర్ణయం తీసుకున్న సమావేశంలో గిరి కూడా ఉన్నాడు. మీకు చెప్పలేదా?"

హైమ గరిటె కింద పెట్టింది. భర్త వైపు తిరిగింది. తెలుగులో, చాలా నెమ్మదిగా అంది.

"ఎనిమిది వారాలు. నా కూతురికి ఎనిమిది వారాలు చప్పిడి కూడు పెట్టించారు. దానికి ఇష్టమైన ఒక్క చప్పుడు లేకుండా చేశారు. ఎందుకు?"

గిరిధర్ వౌటర్ వైపు ఒకసారి చూశాడు.

"చెప్పండీ!"

"ఇంటికెళ్లాక మాట్లాడదాం."

"ఏ ఇంటికి?"

ఏం చెయ్యాలో తోచనప్పుడు చేతులు ఏ పని చేస్తాయో హైమ చేతులు ఆ పనే చేశాయి. టీ పెడదామని కొత్త గిన్నె కడిగి, పాలు పోసి, పొయ్యి మీద పెట్టింది. గోడకేసి చూస్తూ నిలబడింది. గిన్నె అంచుల్లో బుడగలు లేచాయి. పాలు మెల్లగా ఉబ్బాయి.

తలుపు దగ్గర్నుంచి గిరిధర్ ఒక్క ఉరుకు ఉరికాడు. ఉత్త చేత్తో గిన్నె పట్టుకుని పక్కకి లాగేశాడు. వేళ్లు చురుక్కుమంటే చెయ్యి విదిలించాడు. సగం పాలు గట్టు మీద ఒలికాయి.

హైమ అతన్ని వింతగా చూసింది.

పెళ్లయి తొమ్మిదేళ్లు. ఈ మనిషి పాలు పొంగుతుంటే ఒక్కసారి కూడా పొయ్యి ఆర్పలేదు. స్టవ్ పక్కనే కుర్చీ వేసుకుని, పాలు చూడమంటే సరేనని, పేపరు చదువుతూ గిన్నె అడుగంటా మాడ్చిన ఘనుడు. ఇవాళ కాళ్లకి రెక్కలెందుకొచ్చాయి?

కొత్త పొయ్యి. కొత్త గిన్నె. కొత్త ఇల్లు.

దిగిన రోజే!

ఇప్పుడున్న ఇంట్లో దిగిన రోజు కూడా అతను పొయ్యికి అడ్డం నిలబడ్డాడు. "ఎందుకీ చాదస్తం, పెట్టెలు విప్పుకుందాం పద" అన్నాడు. తనే వినలేదు. పక్కకి తోసి మరీ చేసింది. నూకరాజు గొంతు చెవిలో మోగింది. పద్ధతులన్నీ రెట్టింపు సేసింది.

"జరగండి," అంది హైమ.

"హైమా, వద్దు."

"ఏం వద్దు? కొత్తింట్లో దిగాం. ఏం చేస్తామో అదే చేస్తాను."

గిన్నె నిండా పాలు పోసింది. పొయ్యి పెద్దది చేసింది. కళ్లకద్దుకుని, రెండు చేతులూ జోడించి నిలబడింది. పాలు కాగాయి. నురగ కట్టాయి. అంచు దాకా లేచాయి. అంచు దాటాయి. పొయ్యి చుయ్యిమంది. మాడు వాసన గుప్పుమంది. హైమ కదల్లేదు. తూర్పు వైపు పొంగాయా లేదా అని మాత్రం చూసింది, అలవాటు కొద్దీ.

75 మిణుకుమిణుకుమంది. 60 అయింది. 49 అయింది. 41 దగ్గర ఆగింది. దాని కింద ఒక వాక్యం వెలిగింది.

"కారణం: ప్రమాదాన్ని చూస్తూ ఊరకుండే స్వభావం."

"ఎందుకు ఆపలేదు?" వౌటర్ ముందుకొచ్చి పొయ్యి ఆర్పాడు. "పక్కనే ఉన్నారు. చెయ్యి చాపితే అందుతుంది. చూస్తూ నిలబడ్డారు!"

"చూడాలి కాబట్టి." హైమ అతని వైపు తిరిగింది. "కొత్తింట్లో దిగిన రోజు ముందుగా పాలు పొంగించాలి. అందరూ చుట్టూ నిలబడి చూడాలి. పాలు పొంగినట్టు ఇల్లు పొంగాలని. మిగిలిన పాలతో పరమాన్నం వండుకుంటాం. అద్దెకొంపైనా సరే, ఆరు నెలలుండే గదైనా సరే, మావాళ్లు చేస్తారు. అచ్చిరాలేదనిపిస్తే రెండో ఇంట్లో ఇంకా గట్టిగా చేస్తారు. మీ గోడ ఇంకా తక్కువ అంకె ఇస్తుంది. మూడో ఇంట్లో ఇంకా పెద్ద గిన్నె పెడతారు."

వౌటర్ కంప్యూటర్ ముందు కూర్చుని పాత ఫైళ్లు తిరగేశాడు.

"మొదటి ఏడాది. కంపెనీ ఇచ్చిన ముప్ఫై ఇళ్లు. ఇరవై రెండింట్లో దిగిన రోజే ఈ బొమ్మ," అన్నాడు తనలో తాను గొణుక్కుంటున్నట్టు. "ఇంత స్పష్టంగా, ఇన్నిసార్లు వచ్చిన బొమ్మ ఇంకోటి లేదు. అందుకే యంత్రం దీనికి అంత బరువిచ్చింది. ఇదేమిటని పేర్లు పెట్టేవాళ్లని అడిగాం. అడిగినట్టు నాకు బాగా గుర్తు. 'అజాగ్రత్త' అని పేరు పెట్టారు." తల ఎత్తాడు. "దీన్ని నేను చెరపలేను. పేరు పెట్టిన మనిషే, తెలిసి తప్పు పెట్టానని నమోదు చేసి చెప్పాలి. అప్పుడు రెండు రోజుల్లో అందరి అంకెలూ తిరగరాస్తారు. లేకపోతే న్యాయశాఖకి వెళ్తుంది. ఏళ్లు పడుతుంది."

"చెప్పిన మనిషికి?"

"ఉద్యోగం పోతుంది. ఉద్యోగం మీద వచ్చినవాడయితే..." వౌటర్ వాక్యం పూర్తి చెయ్యలేదు. "ఇంకో ఉద్యోగం వెతుక్కోవడానికి మూడు నెలలు గడువుంటుంది, దొరక్కపోతే దేశం వదలాలి. అంతే."

హైమ గట్టు మీద ఒలికిన పాలు గుడ్డతో తుడిచింది. ఒకసారి తుడిచిన చోటే మళ్లీ తుడిచింది. భర్త వైపు చూడలేదు. చూడాల్సిన అవసరం లేకపోయింది.

"వౌటర్," అన్నాడు గిరిధర్. "రికార్డు చెయ్యి. ముందు తెలుగులో చెప్తాను, ఈమెకి. తర్వాత నీకు నీ భాషలో చెప్తాను."

కాలిన వేళ్లని రెండో చేత్తో పట్టుకుని, గోడ మీది వాక్యం కింద నిలబడి మొదలుపెట్టాడు.

"నేనే పెట్టాను హైమా ఆ పేరు. ఉద్యోగంలో చేరి రెండో వారం. పేర్లు పెట్టే గదిలో ఆరుగురం. అంతకుముందు రోజే నా పెరుగన్నం డబ్బా చూసి ఒకడు, తెల్లవాడే, పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. చెడ్డవాడు కాదు, ఊరికే నవ్వాడు. మర్నాడు తెర మీద ఈ బొమ్మ వచ్చింది. పొయ్యి మీద ఏదో పొంగి మాడుతోంది. చుట్టూ ఎర్రమచ్చలు, మనుషులు. ఎవరూ కదలరు. 'గిరీ, మీవాళ్లుండే ఇల్లే ఇది. ఏం చేస్తున్నారు వీళ్లు? నిద్రపోతున్నారా, పిచ్చివాళ్లా?' అని అడిగారు. నాకు తెలుసు. చూడగానే తెలిసింది. పూజ అంటే, దేనికి పూజ, పాలకా అంటారు. మళ్లీ నవ్వుతారు. తెలీదన్నాను. అజాగ్రత్త అయ్యుంటుందన్నాను. ఆ ఒక్కసారికే అనుకున్నాను. ఇరవై రెండు ఇళ్లు వచ్చాయి. మొదటిదానికి ఒకటి చెప్పి రెండోదానికి ఇంకోటి ఎలా చెప్పను? ఇరవై రెండు సార్లూ అదే నొక్కాను.

"తర్వాత అంకెలొచ్చాయి, పాత రోజుల్ని కూడా లెక్కేసి. నూకరాజు రోడ్డున పడ్డాడు. అప్పుడు చెప్తే ఉద్యోగం పోతుంది, ముక్త బడి పోతుంది అనుకున్నాను. నువ్వు వాసన అన్నావు, ఊళ్లో అందరూ వాసన అన్నారు. అవునన్నాను. పోపు మానమన్నది అందుకే. నువ్వు పోపు గురించి ఆలోచిస్తున్నంతసేపు పాల గురించి ఆలోచించవని. ముక్త కంచం ముందు కూర్చుని చిట అని అడిగిన ప్రతిసారీ నోటి దాకా వచ్చింది. మింగేశాను. గోడ రాసింది అబద్ధం కాదు హైమా. అలాంటి మనిషి మనింట్లో ఉన్నాడు. గోడ ఎవరి వల్లనో తెలియక అందరికీ రాసింది.

"ఇంకొకటుంది. అది కూడా చెప్పేస్తాను, లేకపోతే ఇది సగమే అవుతుంది. ఆ ఇరవై రెండింట్లో మొట్టమొదటి బొమ్మ మనదే. ఆదివారం మనం దిగాం, పై వారం బుధవారం తెర మీదకి వచ్చింది. మూడు మచ్చలు. పెద్దది నేను. పక్కన చేతులు జోడించింది నువ్వు. నీ కుచ్చిళ్లు పట్టుకుని నిలబడ్డ చిన్నది ముక్త. దానికి అప్పటికి చెవి యంత్రం కూడా లేదు. పాలు పొంగగానే అది ఎగిరి గంతేసింది, గుర్తుందా? తెర మీద కూడా గంతేసింది. 'ఆ చిన్నదాన్ని చూడండి, ఇల్లు తగలబడుతుంటే గంతులేస్తోంది' అన్నాడు పక్కవాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే నొక్కాను."